‘పొందు’ ధాతువు — పర్యాయపద విచారము

తెలుఁగున ‘పొందు’ అను క్రియ నెఱుఁగనివారు లేరు. బడిపిల్లవాఁడు మొదలుకొని మహాపండితునిదాఁక నందఱును దానిని వాడుదురు. అర్థమేమని యడిగినచో, ‘పడయుట, లభించుట’ అని తడవుకొనక చెప్పుదురు. ఇంత సులభమైన మాటనుగుఱించి విచార మేల యని చదువరు లడుగవచ్చును. సులభమైన మాటలయందే మన మెక్కువగాఁ బొరపడుచుందుము. కఠినపదమైనచో నిఘంటువు విప్పి చూతుము. తెలిసినదే యనుకొన్న పదమునకై యెవ్వఁడును నిఘంటువు విప్పఁడు. ఆ పొరపాటు నేనును జేసితిని. దానిని జెప్పియే యీ వ్యాసమును మొదలిడెదను.

మలికిపురము కోనసీమ పడమటి భాగమున, వసిష్ఠా వైనతేయముల నడుమ నున్న యూరు. వరిచేలును గొబ్బరితోఁటలును ఆ సీమకు జీవనము. ఆ ప్రాంతమున నొక పాఠశాలలో నేను దెలుఁగు చెప్పుచుండిన కాలమున, 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను కోనసీమను గూలఁద్రోసెను. వేయిమందికిఁ బైగాఁ బ్రాణములు గోలుపోయిరి. కొబ్బరిచెట్లు లెక్కకు మిక్కిలిగా నేలఁ గూలెను. బడి తెఱచిన పిదప నేను విద్యార్థులచేఁ దుపానును గుఱించి వ్యాసము వ్రాయించితిని. ఒక బాలుఁడు తూర్పు కోనసీమలోని తన మాతామహుని తోఁటను వర్ణించి, చివర ‘తాతకు నాలుగు చెట్లు దక్కినవి’ అని వ్రాసెను. ‘దక్కు’ అనునది నాకు వీధిమాటగాఁ దోఁచెను. ఎఱ్ఱసిరాతో దానిని గొట్టివేసి, ‘తాత నాలుగు చెట్లను బొందెను’ అని దిద్దితిని. పుస్తకములు పంచి యిచ్చినపు డా బాలుఁడు లేచి, ‘ఆయ్, అవి మా తాత చెట్లేనండి. కొత్తగా పొందలేదండి’ అనెను. తరగతి యంతయు నవ్వెను. ‘రెండింటికి నర్థ మొక్కటే, కూర్చుండు’ మని నేను గసరితిని.

అర్థ మొక్కటి కాదు. తోఁట యంతయుఁ బోఁగా మిగిలిన చెట్లను గూర్చి యా బాలుఁడు వ్రాసెను. నేను దిద్దిన వాక్యమునఁ దోఁట పోయిన సంగతియే పోయెను. గాలివానలో సర్వమును గోలుపోయిన ముసలివాని కెవ్వరో నాలుగు చెట్లు బహుమానముగా నిచ్చినట్లయ్యెను. బాలుని వాక్యము సాధువు. నా దిద్దుబాటు దోషము. ఆ దోషము నాకొక్కనిదే యైనచో నిచ్చటఁ జెప్పఁబనిలేదు. మన బోధనపద్ధతిలోనే దానికి మూలము గలదని తోఁచుటచేత దీనిని విచారించుచున్నాను.

మొదట ‘పర్యాయము’ అను మాటనే చూతము. పర్యాయమనఁగా వంతు, వరుస. ఒకచోట నొక పదము నిలిచియుండఁగా, దానిని దొలఁగించి యాచోటనే మఱియొక పదమును నిలుపఁగలిగినపు డవి పర్యాయపదములు. వంతు వచ్చినపుడు పనికి రానిది పర్యాయపదము కాదు. నామములయం దీ వంతు సులభముగా సాగును. చంద్రుని శశి యన్నను, నెల యన్నను, జాబిల్లి యన్నను నాకసమునందలి వస్తువు మాఱదు. వ్రేలితోఁ జూపి సరిచూచుకొనవచ్చును. అమరసింహుని నామలింగానుశాసనమును, ఆ మార్గమునఁ దెలుఁగున వెలసిన పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును, అడిదము సూరకవి ఆంధ్రనామశేషమును దమ పేరులకుఁ దగినట్లే ముఖ్యముగా నామములను సమకూర్చిన గ్రంథములు. క్రియల కట్లు వ్రేలితోఁ జూపఁదగిన వస్తువు లేదు. ఎవఁడు, దేనిని, ఎవనివలన, ఏ తెఱఁగున నను నివి యన్నియుఁ గలిసినఁగాని క్రియయొక్క యర్థము తేలదు. నామములకుఁ జెల్లిన పద్ధతినే క్రియలకును జాఁచి, ‘పొందు, ఒందు, పడయు, కను, కాంచు, అందు, అబ్బు, దక్కు — ఇవి యేకార్థకములు’ అని వల్లె వేయించుటచేతనే నావంటివారు పొరపడుచున్నారు.

సంస్కృతమున ధాతువుల నెంచినవా రింతకంటె జాగరూకులు. పాణినీయ ధాతుపాఠమున లభధాతువునకుఁ బ్రాప్తి యర్థము. ఆప్లృధాతువునకు వ్యాప్తి యర్థము. విద్లృధాతువునకు లాభ మర్థము. అర్జధాతువునకు నర్జనమే యర్థము. నాలుగింటిని నాలుగు మాటలతో విడఁదీసి చెప్పిరి. మన తరగతులలోనో, ‘లేభే’, ‘ప్రాప’, ‘అవిందత్’, ‘ఆససాద’ అను నాలుగింటికిని బ్రతిపదార్థమున వ్రాయించునది ‘పొందెను’ అను నొక్కటే. వీనిలోఁ గడపటిదానికి సమీపించుట ముఖ్యార్థమని తెలిసియు నట్లే వ్రాయింతుము. విద్యార్థి పరీక్షలో నుత్తీర్ణుఁ డగును. నాలుగు మాటల భేదము వానికిఁ దెలియదు.

ఇఁక ‘పొందు’ సంగతి. ఈ మాట నామముగాను గలదు. పొందనఁగా స్నేహము, కూడిక. ‘దుర్జనుల పొందు’ అన్నపుడు దుర్జనులు గడించిన ధనమని యెవ్వరు ననుకొనరు. పొందిక యనఁగా నొకదాని కొకటి తగియుండుట. పొందుపడుట యనఁగా నమరుట. పొందుపఱచుట యనఁగాఁ జక్కఁగాఁ జేర్చి యుంచుట. కన్నడమున నీ మాటయే ‘హొందు’ అను రూపమునఁ దగియుండుట, కూడుట, పడయుట యను మూఁడర్థములను నిలుపుకొన్నది. ఇవి యన్నియుఁ జేర్చి చూచినచో నీ ధాతువునకు మూలార్థము చేరిక యనియు, లాభ మా చేరికనుండి పుట్టిన యర్థమనియుఁ దోఁచును. ఒక వస్తువు నాతోఁ జేరినది గావున నది నాకుఁ గలిగినది. చేరుట ముందు, కలుగుట వెనుక.

దీనికి మఱియొక నిదర్శనము గలదు. ‘పొందు’ మంచిచెడ్డల నెంచదు. సుఖమును బొందుదుము, దుఃఖమును బొందుదుము. ఆనందమును బొందుదుము, అవమానమును బొందుదుము. రాజ్యమును బొందుదుము, వ్యాధిని బొందుదుము. ‘ఒందు’ తీరును నిట్టిదే. గెలుపొందుట కలదు, పేరొందుట కలదు, మృతినొందుటయుఁ గలదు. లాభమే మూలార్థమైనచో మరణమునఁ గలుగు లాభ మేమి? చేరిక మూలార్థ మన్నచోఁ జిక్కు లేదు. సుఖము చేరినట్లే దుఃఖమును జేరును. వ్యాధిని గడించె ననిగాని, మృత్యువును సంపాదించె ననిగాని పరిహాసమునకుఁ దప్ప నెవ్వరును జెప్పరు. రాజు కన్యను బడసె ననుటకును, గన్యను బొందె ననుటకును గల భేదము కావ్యములు చదివినవారికిఁ దెలియనిది కాదు. మొదటిది వివాహలాభము, రెండవది కూడిక. పర్యాయపదములని వల్లె వేయించిన రెండింటిలో నొకదాని స్థానమున రెండవదానిని నిలిపినచోఁ గథయే మాఱిపోవుచున్నది.

‘పడయు’ అనుదానికిఁ గన్నడమున ‘పడె’ తోడఁబుట్టినది. ‘పొందు’నందలి కూడిక యిందు లేదు. కోరఁదగినదే యెల్లప్పుడును దీనికిఁ గర్మము. వరమును బడయుదురు, పుత్రులను బడయుదురు, అనుగ్రహమును బడయుదురు, జ్వరమును బడయరు. మఱియు నీ మాటవెనుక నిచ్చువాఁ డొకఁడు తఱుచుగా నుండును. అశ్వపతి సావిత్రీదేవి నారాధించి కూఁతుఁ బడసెను. ఆ కూఁతురే యముని మెప్పించి వరములు పడసెను. తపమో, సేవయో, ప్రార్థనయో ముందుండును. దాతయొక్క ప్రసాదము నడుమ నుండును. లాభము చివర నుండును. ఈ మూఁడును లేనిచోట ‘పడయు’ చక్కఁగా నతుకదు. త్రోవలో రూపాయిబిళ్ళ కనఁబడఁగా నెత్తికొన్నవాఁడు దానిని బడసినవాఁడు కాఁడు. అది వానికి దొరకినది.

‘కను’, ‘కాంచు’ అను రెండింటికిఁ జూచుట మొదటి యర్థము. బిడ్డను గనుట, కీర్తిఁ గాంచుట యనునవి దాని వెంటఁ బుట్టినవి. కంటఁబడినది కలిగినట్లే యను భావము వీనియందుఁ గలదు. సంస్కృతమున విదధాతువు జ్ఞానార్థకమై యొకటియు, లాభార్థకమై యొకటియుఁ గలదు. ఎఱుకకును లాభమునకును గల చుట్టఱిక మొక్క తెలుఁగునకే చెందినది కాదని దీనివలనఁ దెలియును. ఈ మూలమును మఱవనిచో వీని ప్రయోగనియమము తానే తెలియవచ్చును. నలుగురి కంటఁబడు లాభములకే యివి మిక్కిలి తగును: సంతానము, పేరు, ఖ్యాతి, అభివృద్ధి. పెట్టెలో దాఁచుకొన్న ధనమును ‘కాంచెను’ అన్నచో దానిని జూచె నను నర్థమే ముందు తోఁచును.

చేతిపనిని జెప్పునవి ‘కొను’ చేరిన మాటలు. కొనుట యనఁగా మొదట గ్రహించుట. వెల యిచ్చి గ్రహించుటయే నేఁటి వాడుకలో దానికి ముఖ్యార్థమైనది. తక్కిన బంధువర్గమున మాత్రము పాతయర్థము నిలిచి యున్నది. అందుకొనువాఁడు చేయి చాఁచును. పుచ్చుకొనువాఁ డొకఁ డిచ్చినదానిని గ్రహించును. చేకొనువాఁడును గైకొనువాఁడును నంగీకారముతో గ్రహింతురు. నేఁటి క్రైస్తవసమాజములలోఁ బ్రార్థనలందును బోధలందును ‘పొందుకొను’ అను రూపము తఱుచుగా వినఁబడును. కావ్యములు మాత్రము చదివినవారికిఁ జెవి కిది క్రొత్తగా నుండవచ్చును. అయినను, అనుగ్రహింపఁబడినదానిని దనదిగాఁ జేసికొనుట యను విశేషము ‘కొను’ చేరికవలన నిందుఁ గలిగినది. ఊరక పొడుగైన రూపమని దీనిని ద్రోసివేయరాదు.

ప్రయత్నమును జెప్పునవి గడించు, ఆర్జించు, సంపాదించు. వీనియందుఁ గర్త పాటుపడినవాఁడు. తండ్రి యాస్తి కొడుకునకు వచ్చును. కొడుకు దానిని గడింపఁడు. దావాలలోఁ బిత్రార్జితము, స్వార్జితము అను విభాగము నిలుచుట కీ భేదమే యాధారము. పిత్రార్జితమున నార్జించుట తండ్రిపని; వచ్చుట సొత్తు పని; కొడు కూరక యుండినను వచ్చును. ‘సంపాదించు’ అనుదానికి సంస్కృతమున సమకూర్చుట, నెఱవేర్చుట యను నర్థములు గలవు. తెలుఁగున నది చాలవఱకు ధనార్జనమున నిలిచిపోయినది. మూలార్థము ‘సంపాదకుఁడు’ అను మాటలో నింకను బ్రదికి యున్నది. పత్రికాసంపాదకుఁడు వ్యాసములను సమకూర్చువాఁడే కాని ధనమును గడించువాఁడు కాఁడని సాహిత్యపత్రికల చదువరులకు వేఱుగాఁ జెప్ప నక్కఱలేదు.

ఇంతవఱకుఁ జెప్పిన క్రియలకుఁ దఱుచుగా మనుష్యుఁడే కర్త. తెలుఁగునకు మిక్కిలి సహజమైన మఱియొక తెఱఁగు గలదు. అందు లభించు వస్తువే కర్త. లాభము గలుగు మనుష్యుఁడు కు వర్ణకముతోఁ గూడి షష్ఠిలో నిలుచును. ‘నాకుఁ బుస్తకము దొరకెను’, ‘వానికిఁ గొడుకు గలిగెను’, ‘ఆమెకు సంగీత మబ్బెను’ అని యిట్లు. తమిళమున ‘ఎనక్కు కిడైత్తదు’ అనుటయుఁ, గన్నడమున ‘ననగె సిక్కితు’ అనుటయు నిదే కూర్పు. సంస్కృతమున ‘లభతే’ యన్నచోఁ బురుషుఁడు ప్రథమలో నుండును. ఆ వాక్యమును దెలిఁగించునపుడు ప్రథమను విడువకుండ నుండవలె నన్నచో ‘పొందు’ వెంటనే చేతికి వచ్చును. ఆంగ్లమునుండి తెలిఁగించువారి స్థితియు నట్టిదే. తెలిఁగింపున నిది దోషము కాదు. ఆ యలవాటు ముదిరి, తెలుఁగు తనంతటఁ బలుకు కూర్పు పండితులకు నీచముగాఁ దోఁచుట దోషము. నా యెఱ్ఱసిరా చేసిన పని యదియే.

ఈ రెండవ తెఱఁగు క్రియలలో నెంత భేదమున్నదో కోనసీమలోని యే సంతకుఁ బోయినను వినవచ్చును. వెదకినను వెదకకున్నను నెదురుపడినది ‘దొరకును’. తప్పించుకొని పోఁగలది ‘చిక్కును’. వఱదకాలమున గోదావరి కెదురీఁదివచ్చు పులస వలలోఁ జిక్కును. అంగడిలో వంకాయ దొరకును. పులస దొరకె ననియుఁ జెప్పవచ్చును గాని, అంగడిలో వంకాయ చిక్కె నన్నచో విన్నవారు నవ్వుదురు. దూరముననున్నది చేతిదాఁక వచ్చినచో ‘అందును’. ఉత్తర మందును, చెట్టుకొమ్మ యందును. రావలసిన పైకము రావలసినవానికిఁ జేరినచో ‘ముట్టును’. పైకము ముట్టిన దని రసీదు వ్రాయుట యందులకే. పలుచోటుల నుండి రావలసినవి యొక్కచోటికి వచ్చినచో ‘సమకూరును’, ‘చేకూరును’. వెలుపలి వస్తువు కాక లోనికి దిగి స్వభావమైపోవునది ‘అబ్బును’. విద్య యబ్బును, పాట యబ్బును, తండ్రి గుణము కొడుకున కబ్బును. పూర్వ మీ మాట ధనాదులకును జెల్లెడిది. నేఁడు ముఖ్యముగా విద్యాదులయందు నిలిచినది. విద్యను బొందినవారు పెక్కురు; విద్య యబ్బినవారు కొందఱే. ఉపాధ్యాయుల కీ భేద మెఱిఁగింప నక్కఱలేదు.

‘గిట్టు’ అను మాట నిచ్చట ముఖ్యముగాఁ జూడవలెను. ‘వానికి నాకు గిట్టదు’ అన్నచోఁ బొందిక లేదని యర్థము. ‘ఆ బేరము గిట్టినది’ అన్నచో లాభకరమని యర్థము. చేరిక, లాభము అను రెండర్థము లొక్క మాటయందే యుండుట ‘పొందు’నకుఁ జెప్పిన మూలార్థమును సమర్థించుచున్నది. అయినను నీ రెండును పర్యాయములు కావు. ధాన్యమునకు ధర దొరకవచ్చును, పైకము ముట్టవచ్చును, అయినను గిట్టకపోవచ్చును. పెట్టిన పెట్టుబడికి వచ్చిన రాబడి సరిపడనిచో నా మాట. 2011వ సంవత్సరమున సార్వా కాలమునఁ గోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించి చేలను బీడుపెట్టిరి. గోదావరి నీరు పాఱు మాగాణిని దున్నక విడుచుట చిన్న సంగతి కాదు. ఆ యుద్యమమున కంతకు నూఁతయైన మాట ‘గిట్టుబాటు’. దాని స్థానమున ‘లాభమును బొందుట’ యని పెట్టి చూడుఁడు. రైతు లాభమునకై పేచీ పెట్టినట్లుండును. పెట్టుబడియైనను దిరిగిరాని వాని దైన్యము మఱుఁగుపడును. మాట మాఱినచో వ్యాజ్యమే మాఱును.

కడపట ‘దక్కు’. ప్రాణములు దక్కును, మానము దక్కును, దావాలో నున్న పొలము దక్కును. వేలములోఁ బదుగురు పోటీపడఁగా నొకనికి సరకు దక్కును. ఈ ప్రయోగములన్నిటియందును సమానముగా నున్న దొక్కటే. పోవునేమో యను భయము, లేదా యితరు లెత్తికొని పోవుదు రను భయము ముందుండును. ఆ భయము దీఱి నిలిచినది దక్కినది. భయము లేనిచోట ‘దక్కు’ లేదు. అంగడిలో నుప్పు దొరకును గాని దక్కదు. కఱవుకాలమున మాత్రము దక్కును.

సంస్కృతపండితులకుఁ బరిచితమైన యొక జంటపదముతో నీ భేదమును స్థిరపఱుపవచ్చును. ‘యోగక్షేమము’ లనఁగా నేమి? లేనిదానిని సంపాదించుట యోగమనియు, ఉన్నదానిని రక్షించుకొనుట క్షేమమనియు వ్యాఖ్యాతలు చెప్పుదురు. యోగమను మాటకుఁ గూడిక యర్థ మగుటయు, లేనిది చేకూరుట యర్థ మగుటయుఁ జూచినచో నది మన ‘పొందు’నకు సరిగా నద్దమువలె నున్నది. రెండు భాషలును గూడికనుండియే లాభమును బుట్టించినవి. అట్లైనచో ‘పొందు’ యోగమును జెప్పును. ‘దక్కు’ క్షేమమును జెప్పును. ఆ బాలుఁడు క్షేమమును గూర్చి వ్రాసెను. నేను దానిని యోగముగా దిద్దితిని. తుపాను గడచిన యింటివారిని యోగక్షేమము లడుగ వలసినవాఁడను, క్షేమమును గొట్టివేసితిని.

ఇచ్చట నొక పూర్వపక్షము రావచ్చును. కవులు యతిప్రాసల కనుకూలముగాఁ బొందె, నొందెఁ, బడసెఁ, గాంచె నని మార్చి మార్చి వాడలేదా? వా రెఱుఁగని భేదము మన కెక్కడిది? అని. దీనికి సమాధానము కష్టము కాదు. ఈ క్రియల యర్థము లొకదాని నొకటి తాఁకు చోటులు గలవు. కీర్తియందును, సంతానమునందును, సంపదయందును నవి కలిసికొనును. తాఁకుచోట నెవరి వంతైనను జెల్లును. కవి యక్కడ ఛందస్సున కనుకూలమైనదానిని గ్రహించును. తాఁకని చోట మాత్ర మట్లు గ్రహింపరాదు. జ్వరమును బడయుట, వంకాయ చిక్కుట, ప్రాణములను గడించుట యను మాటలు యతికొఱకైనను బొసఁగవు. రెండు చేల గట్లు కలిసినంతమాత్రమున రెండు చేలు నొక్క చే నగునా? గట్టుమీఁద నడచుటకు నిద్దఱికి నధికారము గలదు. కోఁత కోయునపుడు మాత్రము హద్దు తెలియవలెను.

నిఘంటువుల తప్పేమియు లేదు. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. 1911లో స్థాపింపఁబడిన ఆంధ్రసాహిత్యపరిషత్తు పిఠాపురము మహారాజావారి పోషణమున సూర్యరాయాంధ్రనిఘంటువును సంకల్పింపఁగా, దాని మొదటి సంపుటము 1936లో వెలువడినది. ఇట్టి మహానిఘంటువులు కవిప్రయోగములను జూపి యర్థమును జెప్పినవి. ప్రయోగమును విడిచి యర్థముగా నిచ్చిన యొక్క మాటను మాత్రము వల్లించుట మన సోమరితనము. నిఘంటువు ‘దక్కు’నకు ‘లభించు’ అని చెప్పినచో నది త్రోవ చూపు మాత్రమే. ఆ త్రోవను నడచుట చదువరి పని. నేను నాఁడు త్రోవపలకయే యూరనుకొంటిని.

నేఁటి వ్రాఁతలలో నీ సోమరితనము పెరుగుచున్నది. శిక్షణ పొందిరి, ప్రవేశము పొందిరి, ఋణము పొందిరి, బహుమతి పొందిరి, నష్టము పొందిరి, లబ్ధి పొందిరి — పత్రికలందును ప్రకటనలందును బ్రతివాక్యమున నీ క్రియయే. లబ్ధి యనఁగానే పొందుట. లబ్ధి పొందుట యనఁగాఁ బొందుటను బొందుట. ఇట్టివి పాతకాలమునను లేకపోలేదు గావున దీనిని దప్పని కొట్టివేయను. నా చింత వేఱు. ఋణము దొరకినదా, అందినదా, ముట్టినదా, గిట్టినదా యని నాలుగు ప్రశ్న లడుగఁగల భాషకు మన మొక్క ప్రశ్ననే మిగిల్చుచున్నాము. ఋణము మంజూరై దొరకవచ్చును, అది చేతి కందకపోవచ్చును. అందినను ముట్టవలసినంత ముట్టకపోవచ్చును. ముట్టినను వడ్డీ లెక్కింపఁగా గిట్టకపోవచ్చును. అడుగుట కైదువంటి మాట లుండఁగా రైతు నోటినుండి వానిని దీసివేసినచో, వాని కష్టమును జెప్పుకొను సాధనమే తీసివేసినట్లగును.

కావునఁ దోడి యుపాధ్యాయులకు నా విన్నప మొకటి. పర్యాయపదముల పట్టికను జెప్పింపుఁడు. దానితో నాగక, ప్రతిక్రియకు మూఁడు ప్రశ్నలు వేయింపుఁడు. కర్త యెవరు — మనుష్యుఁడా, వస్తువా? కర్మముగా నుండు వస్తువు కోరఁదగినదియే కావలెనా, కోరనిదియుఁ గావచ్చునా? ఆ లాభమునకు ముం దేమి జరిగినది — పాటా, ప్రార్థనయా, వెదకుటయా, పోవునను భయమా? ఈ మూఁడింటికి నుత్తరము చెప్పఁగలిగిన బాలుఁడు ప్రతిపదార్థమున నొక్క ‘పొందెను’తోఁ దృప్తిపడఁడు. ఇంటిమాట నింటిమాట గదా యని కొట్టివేయక, దాని యర్థమును ముందడిగి పిదప దిద్దుట మంచిది. సాధ్వసాధు విచారమున నర్థవిచారము ముందుండవలె ననుట క్రొత్తమాట కాదు, నేను మఱచినమాట.

ఆ బాలుని పుస్తకమును మఱునాఁడు మరల దెప్పించి దిద్ది యుండవలసినది. అట్లు చేయలేదు, అభిమాన మడ్డువచ్చెను. ఇన్నేండ్లకు నీ పుటలలో దానిని దిద్దుకొనుచున్నాను: ‘తాతకు నాలుగు చెట్లు దక్కినవి’ అనుటయే సాధువు. ఈ విచారమున నేమైన లోపము లున్నచోఁ బండితులు దయతోఁ జూపి సవరింతురు గాక. పొగడ్త పొందకున్నను, నాలుగు మాటలైనను దక్కినచోఁ జాలును.